కత్తెర గుర్తుకు పడని ఓట్లు

భార్య సర్పంచి పదవికి నామినేషన్ వేసిందన్న సంగతి అబ్దుల్ ఖుద్దూస్‌కు ఆమె నోటి వెంట తెలియలేదు. కువైట్‌లో, అల్ రాయ్‌లోని గ్యారేజీలో, ఎవరో గుద్దించుకొచ్చిన తెల్ల జీపు తలుపుకు లోపలివైపు ఇనుప దిమ్మ ఆనించి, బయటినుంచి సుత్తితో తట్టి సొట్ట తీస్తుండగా ఫోర్‌మన్ మహబూబ్ బాషా వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏందబ్బీ, ఊర్లో రాజకీయం మొదలుపెట్టినావంట. నాకొక మాట చెప్పేది లేదా?"

ఖుద్దూస్ సుత్తి ఆపాడు. "నేనా? నేనేం జేసినా అన్నా?"

"నువ్వు కాకపోతే నీ పెండ్లాం. జకియా నిన్న సచివాలయంలో నామినేషన్ ఏసిందంట. ఓబులరెడ్డి నాకు పొద్దున్నే ఫోన్ జేసినాడు. నీకు తెలీదంటే నేను నమ్మాల్నా?"

నమ్మాల్సిందే. ఖుద్దూస్‌కు నిజంగా తెలియదు. అయితే పూర్తిగా తెలియదనుకోవడానికీ లేదు. ఈసారి ఎర్రదిన్నెపల్లె సర్పంచి పదవి బీసీ మహిళలకు వచ్చిందని పదిహేను రోజుల కిందట జకియానే చెప్పింది. "నేను నిలబడితే ఎట్లుంటాది?" అని కూడా అడిగింది. అతను నవ్వి, "బట్టలు కుట్టేది ఎవురు మరి?" అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆ మాట అక్కడితో అయిపోయిందనుకున్నాడు.

మహబూబ్ బాషా ఇంకేమీ అనకుండా వెళ్లిపోయాడు. అరిచి ఉంటే ఖుద్దూస్‌కు ఇంత బెదురు ఉండేది కాదు.

రాయచోటి దగ్గర వాళ్ల ఊళ్లో సగం ఇళ్ల మగవాళ్లు కువైట్‌లోనే ఉన్నారు. వాళ్లలో చాలామందికి వీసా తెప్పించింది మహబూబ్ బాషానే. ముప్పై ఏళ్లుగా ఒకే కఫీల్ దగ్గర, వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే అరబ్బు యజమాని దగ్గర, పనిచేస్తున్న మనిషి. ఎవరిని తేవాలన్నా, ఎవరిని పంపాలన్నా కఫీల్ ఆయన్నే అడుగుతాడు. ఖుద్దూస్‌ను పన్నెండేళ్ల కిందట తెచ్చింది ఆయనే. ఒకసారి జాకీ జారి ఖుద్దూస్ వేళ్లు నలిగిపోతే, రక్తం కారే చేతిని తన చొక్కాలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది కూడా ఆయనే. చెడ్డవాడని అనడానికి ఖుద్దూస్‌కు నోరు రాదు.

మధ్యాహ్నం అన్నం వేళ గ్యారేజీ వెనక నీడలో నిలబడి జకియాకు ఫోన్ చేశాడు.

"నిజమేనా?"

"నిజమే. చెప్తే వద్దంటావని చెప్పలా."

"వద్దంటానని తెలిసి గూడా ఏసినావా?"

"ఆ. తెలిసే ఏసినా." ఆమె గొంతులో బెరుకు లేదు. అతన్ని కూతురి పేరుతోనే పిలుస్తుంది. "మెహతాబ్ నాయనా, జావీద్‌ను ఎట్ల తీసకపోయినారో నువ్వు సూడలా. నేను సూసినా."

జావీద్ ఆ గ్యారేజీలోనే పెయింటర్. వాళ్ల వీధివాడే. పోయిన వానాకాలంలో ఒకరోజు భోజనం చేసి చేయి కడుక్కుంటూ పంపు దగ్గరే కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు. శవాన్ని ఊరికి పంపే కాగితాల కోసం ఖుద్దూస్, మహబూబ్ బాషా కలిసి తిరిగారు. పెట్టెను విమానం ఎక్కించి, కార్గో గేటు దగ్గర ఫాతిహా చదివి వెనక్కి వచ్చారు. ఆ తర్వాత ఊళ్లో జరిగింది మాత్రం వినడమే.

కబరస్తాన్‌కు పోయే బండిదారి ఊరి పెత్తందారు ఓబులరెడ్డి మామిడితోట పక్కగా ఉండేది. ఆ వేసవిలో ఆయన తోటకు ముళ్లకంచె వేయిస్తూ దారిని కూడా కలిపేసుకుని గేటు పెట్టించాడు. పెట్టె వచ్చిన రోజు గేటుకు తాళం ఉంది. కావలివాడు రెడ్డి కడపలో ఉన్నాడనీ, తాళంచెవి ఆయన దగ్గరే ఉందనీ చెప్పాడు. వాన కురుస్తోంది. ఇక వంకలోంచి పోవడం తప్ప దారి లేదు. నడుముల్లోతు నీళ్లలో ముసలివాళ్లూ, ఇంకా మీసం రాని పిల్లలూ పెట్టెను భుజాల మీద మోశారు. నడివంకలో ఒకరికి కాలు జారింది. పెట్టె పక్కకు ఒరిగి నీళ్లలో మునిగి లేచింది. గట్టు మీద నిలబడ్డ జావీద్ భార్య, "తడుస్తాండాడు, ఎత్తండి, తడుస్తాండాడు" అని అరిచిందట. ఆమెను పట్టుకుని నిలబడ్డది జకియా.

"ఆ దారి తెరిపిస్తా. అంతకుమించి ఎవురికీ ఏమీ మాట ఇయ్యలా," అంది జకియా ఫోన్లో. "ఊర్లో ఉండే మొగోళ్లు రెడ్డి ముందర నోరు తెరవలేరు. మిగిలినోళ్లంతా కువైట్‌లో ఉండారు. ఇంగెవురు అడగాల?"

"బాషా అన్న కోపంగా ఉండాడు."

"ఆయన గూడా ఏదో ఒకనాటికి ఈ ఊరికే రావాల గదా," అందామె.

*

రెండు రోజుల తర్వాత పని ముగిశాక మహబూబ్ బాషా ఖుద్దూస్‌ను తన కారులో ఎక్కించుకున్నాడు. ఫర్వానియాలో ఖుద్దూస్ గది ముందు ఆపి, ఇంజిన్ కట్టేయకుండా చెప్పాడు.

"ఏకగ్రీవం జేసుకుందామని రెడ్డి అనుకుంటాండాడు. గొర్రెలు మేపే సుబ్బన్న పెండ్లాం గురమ్మను నిలబెట్టినాడు. ఆమె నిలబడితే రెడ్డి నిలబడినట్లే. మధ్యలో మీ ఆవిడ అడ్డమొచ్చింది. విత్‌డ్రాకు రేపొక్క రోజే ఉండాది."

"ఆమె నా మాట ఇనేటట్లు లేదన్నా."

"ఇనేటట్లు జెప్పాల." మహబూబ్ బాషా స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఎదురుగా చూస్తున్నాడు. "నాకేమన్నా ఇష్టమనుకుంటాండావా? జావీద్ పెట్టె నేను గూడా మోసినా, ఈడ. కానీ నా తమ్ముడు రెడ్డి తోటను కౌలుకు జేస్తాండాడు. రేపు ఆయన పొమ్మంటే వాడి పిల్లోళ్లు యాడికి పోవాల? ఆయన నన్ను అడిగినాడు. నేను నిన్ను అడుగుతాండా. అంతే."

ఖుద్దూస్ తలుపు తీసుకుని దిగబోతుంటే, ఆయన ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు. "వచ్చే నెల నీ ఇఖామా అయిపోతాది గదా. కఫీల్‌తో మాట్లాడాల నేను."

ఇఖామా కాగితం లేనిదే కువైట్‌లో ఉండనివ్వరు. ఆ మాటలో బెదిరింపు ఉన్నట్టూ అనిపించింది, లేనట్టూ అనిపించింది. గదిలోకి వచ్చి ముఖం కూడా కడుక్కోకుండా జకియాకు ఫోన్ చేశాడు. ఈసారి అడగలేదు, చెప్పాడు. రేపు పోయి విత్‌డ్రా చేసుకో అన్నాడు. ఎందుకని ఆమె అడిగితే, నేను చెప్తాండా గనక అన్నాడు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆ గొంతుతో ఆమెతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఇఖామా మాట చెప్పి ఉంటే బాగుండేది. చెప్పడానికి సిగ్గేసింది. భయపడ్డాననే దానికంటే ఆజ్ఞాపిస్తున్నాననడం సులువనిపించింది.

"సంతకం నాది," అంది జకియా చివరకు. "నువ్వొచ్చి పెడితే చెల్లదు."

మర్నాడు గడువు ముగిసింది. ఆమె పోలేదు. గుర్తులు ఇచ్చారు. గురమ్మకు ఉంగరం వచ్చింది, జకియాకు కత్తెర. దర్జీ పని చేసే ఆమెకు కత్తెరే రావడం చూసి ఊళ్లో ఆడవాళ్లు నవ్వుకున్నారనీ, శుభశకునమన్నారనీ కూతురు మెహతాబ్ వాయిస్ మెసేజ్ పెట్టింది. పదిహేనేళ్ల పిల్ల గొంతు పొంగిపోతోంది. ఖుద్దూస్ దానికి ఒక నవ్వు ముఖం బొమ్మ పంపి ఊరుకున్నాడు.

*

పోలింగ్‌కు ముందు శుక్రవారం, జుమా నమాజు తర్వాత, ఊరివాళ్లంతా మంగఫ్‌లో కలిశారు. ఆయిల్ కంపెనీల కాంట్రాక్టు పనుల్లో ఉండే రహీమ్, మునాఫ్ వాళ్ల గది అది. పెద్ద గది. మంచాలు గోడకు నిలబెట్టి, కింద ప్లాస్టిక్ గుడ్డ పరిచి అన్నం పెట్టారు. పప్పు, గోంగూర, చికెన్ వేపుడు. తినేంతసేపూ ఎన్నికల మాట ఎవరూ ఎత్తలేదు. చేతులు కడుక్కుని టీ అందుకున్నాక మహబూబ్ బాషా గొంతు సవరించుకున్నాడు.

"మనం ఈడుండి ఓటెయ్యలేం. కానీ మన ఇండ్లల్లో ఓట్లు మన మాట మీద ఉండాయి. ఇప్పుడే, అందురూ ఈడనే, ఇంటికి ఫోన్ జేసి ఉంగరానికి ఎయ్యమని చెప్పండి. స్పీకర్లో పెట్టండి. దాపరికం ఎందుకు మన మధ్యన?"

ఎవరూ ఎవరి ముఖాలూ చూసుకోలేదు. ముందుగా రహీమ్ ఫోన్ తీశాడు. అవతల అతని భార్య తటపటాయించింది. "జకియా అక్క మొన్ననే వచ్చి కూర్చోని పోయినాది. సరే అని చెప్పినా గదా ఆమెకు."

"చెప్తే చెప్పినావులే. ఉంగరానికి ఎయ్యి."

"సరే. నువ్వెట్ల చెప్తే అట్ల."

ఒకరి తర్వాత ఒకరు చేశారు. భార్యలు, తల్లులు, చెల్లెళ్లు. కొందరు వెంటనే సరేనన్నారు, కొందరు ఎందుకని అడిగారు. ఎందుకని అడిగిన ప్రతిసారీ ఇక్కడి మగవాడు గొంతు కాస్త పెంచాడు. మునాఫ్ వంతు రాగానే అతను ఖాళీ గ్లాసులు పోగేసుకుంటూ లేచాడు.

"నేను చెయ్యను బాషా అన్నా. మా ఇంట్లో వాళ్లిష్టం."

"చెయ్యకపోతే పోరా," అన్నాడు మహబూబ్ బాషా. అంతకంటే ఏమీ అనలేకపోయాడు. మునాఫ్ వీసా ఆయన తెప్పించింది కాదు, ఇఖామా వేరే కంపెనీది. ఖుద్దూస్ మనసులో మొదట మెదిలిన మాట కూడా అదే. వాడికేం, వాడి ఇఖామా వేరే చేతుల్లో ఉంది.

అందరూ ఇప్పుడు ఖుద్దూస్ వైపు చూశారు.

"జకియాకు చెయ్యమని నేను చెప్పను," అన్నాడు మహబూబ్ బాషా, ఉదారంగా. "మీ అమ్మకు చెయ్యి. చాలు."

ఖుద్దూస్ తల్లి బషీరా బీకి డెబ్బై దాటాయి. జకియా దగ్గరే ఉంటుంది. ఫోన్ మోగగానే ఎత్తి, ఎప్పటిలాగే అరిచినట్టు మాట్లాడింది. "ఖుద్దూసూ! తిన్నావా నాయనా? జుమాకు పోయినావా?"

"పోయినానమ్మా. అమ్మా, ఓట్లు వస్తాండాయి గదా."

"వస్తాండాయి. కోడలు ఇల్లిల్లూ తిరగతాంది. కాళ్లు వాచిపోయినాయి పిల్లకు. రాత్రి నేనే నూనె రాసినా."

గదిలో ఎవరో దగ్గారు.

"అమ్మా, నువ్వు ఉంగరానికి ఎయ్యి."

"ఏందీ? సరిగ్గా ఇనపడలా."

ఆమెకు వినపడిందని అతనికి తెలుసు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది. "ఉంగరానికి ఎయ్యమ్మా. గురమ్మకు."

అవతల దూరంగా కోడి ఒకటి అరిచింది. తర్వాత ముసలమ్మ గొంతు తగ్గించి, స్పీకర్లో అందరూ వింటున్నారని తెలియక, రహస్యంగా అడిగింది. "నీకేమన్నా కష్టమొచ్చిందా నాయనా ఆడ? ఎవురన్నా ఏమన్నా అన్నారా?"

"ఏం లేదమ్మా."

"నాతో చెప్పు నాయనా."

"ఏం లేదని చెప్తాండా గదమ్మా. చెప్పినట్లు చెయ్యి."

"సరే," అంది బషీరా బీ. "సరే నాయనా."

మహబూబ్ బాషా అతని వీపు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. వంటింటి వైపు నుంచి మునాఫ్ గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ తర్వాత మిగిలిన ఇద్దరు ముగ్గురు కూడా ఫోన్లు చేశారు. వాళ్లు ఎవరికి చేశారో, ఏం చెప్పారో అతని చెవిన పడలేదు.

*

పోలింగ్ రోజు ఖుద్దూస్‌కు పనెక్కువ. ఇసుకగాలి లేచి దారి కనపడక రోడ్ల మీద కార్లు గుద్దుకున్నాయి. గ్యారేజీ ముందు బండ్లు వరస కట్టాయి. సాయంత్రం అసర్ నమాజు అయ్యేసరికి ఊళ్లో లెక్కింపు సగం దాటింది. గ్యారేజీలో ఊరివాళ్లు చేతుల్లో ఫోన్లు పట్టుకునే పనిచేస్తున్నారు. మొదట కత్తెర ముందుందన్నారు. కాసేపటికి సమంగా ఉందన్నారు. ఒక దశలో ఖుద్దూస్ సుత్తి కింద పెట్టి, ఆ గెలుపు వస్తే బాగుండునని మనసారా కోరుకున్నాడు. తన తల్లి ఓటు ఒక్కటి పోయినా జకియా గెలిస్తే ఇక ఎవరూ ఏమీ అడగరు. అందరికీ అన్నీ మాసిపోతాయి.

పదకొండు ఓట్ల తేడాతో జకియా ఓడిపోయింది.

మహబూబ్ బాషా నవ్వలేదు, కేరింతలు కొట్టలేదు. "పోనీలే అబ్బీ, గౌరవంగానే ఓడింది," అన్నాడు. నిజంగా ఓదార్చుతున్నట్టే అన్నాడు.

పదకొండు అన్న అంకె ఆ రోజు గదుల్లో తిరిగింది. ఫర్వానియాలో, మంగఫ్‌లో, ఎవరికి వాళ్లు లెక్క వేసుకున్నారు. మా ఇంట్లోవి రెండే, అవి పడినా గెలిచేది కాదు. మావి మూడే. మాది ఒక్కటే. అలా ప్రతివాడూ తన వంతును పక్కన పెట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు. ఖుద్దూస్ కూడా మొదట అలాగే లెక్క వేసుకున్నాడు. అది ఎంత తేలికగా కుదిరిందో చూసి ఫోన్ బోర్లా పెట్టేశాడు.

జకియా మర్నాడు పొద్దున ఫోన్ చేసింది. అతను పలకరించేలోపే మొదలుపెట్టింది.

"మీ అమ్మ నిన్న ఇంటికొచ్చి వంటింట్లో కూలబడి చెప్పింది. నేను అడగలా. ఆమే చెప్పింది. ఉంగరం మీద ముద్ర ఎయ్యనీకి చెయ్యి రాక ఆ అట్టల మరుగున నిలబడి ఏడ్చిందంట. లోపల ఏందవ్వా ఇంతసేపు అని ఆఫీసరు కేకేసినాడంట."

"జకియా..."

"నన్ను చెప్పనీ. నన్ను నిలబడొద్దన్నావు, నేను ఇనలా. అది నీకూ నాకూ మధ్యన ఉండేది. కొట్లాడుకుందుము, మాట్లాడుకోకుండా ఉందుము, మళ్లా కలుద్దుము. మీ అమ్మను ఎందుకు దింపినావు దాంట్లోకి? ఆమెకు నువ్వొక కన్ను, నేనొక కన్ను. ఏ కన్ను పొడుచుకోవాలో చెప్పినావు ఆమెకు, ఫోన్లో."

అప్పుడు చెప్పాడు, ఇఖామా గురించి, మహబూబ్ బాషా గురించి, మంగఫ్ గదిలో స్పీకర్ గురించి. అంతా విని ఆమె అంది, "ఇది ఆ రోజే చెప్పింటే నేనే పోయి సంతకం పెట్టేసి వచ్చేదాన్నేమో. తెలీదు. కొట్లాడేదాన్నేమో. నాకు ఆ అవకాశం గూడా ఇయ్యలేదు నువ్వు."

ఆమె ఏడవలేదు. ఫోన్ పెట్టేసింది.

*

గెలుపు సందర్భంగా తర్వాతి శుక్రవారం మంగఫ్‌లోనే బిర్యానీ వండించారు. ఖుద్దూస్ పోకూడదనుకున్నాడు. పోకపోతే ఏమనుకుంటారోనని పోయాడు. గదిలో మునాఫ్ లేడు. తినడం అయ్యాక ఓబులరెడ్డి వీడియో కాల్ చేశాడు. మహబూబ్ బాషా ఫోన్‌ను అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు. తెరలో మొదట గురమ్మ కనిపించింది. మెడలో బంతిపూల దండ, ముఖమంతా చెమట. ఎటు చూడాలో తెలియక పక్కకు చూస్తోంది. ఎవరో వెనకనుంచి అందించిన మాటను పట్టుకుని "అందురికీ నమస్తే" అంది. తర్వాత ఫోన్ ఆమె ముందునుంచి తప్పుకుని రెడ్డి ముఖం వచ్చింది.

"మీ రుణం మర్చిపోనబ్బా. కువైటోళ్లు లేకపోతే ఈ ఊరే లేదు," అన్నాడాయన. ఫోన్ చేతులు మారింది. ఒక్కొక్కరూ సలాం చెప్పి పక్కవాడికి ఇస్తున్నారు. ఖుద్దూస్ చేతికి వచ్చింది. ఏం మాట్లాడాలో అతను ముందుగా అనుకోలేదు.

"రెడ్డీ, కబరస్తాన్ దారికి తాళం ఎప్పుడు తీస్తారు?"

తెరలో నవ్వు అలాగే నిలిచిపోయింది. "ఎవురబ్బా అది?"

"జకియా మొగుణ్ని."

"ఓ, నువ్వా. సూద్దాంలే, కూర్చోని మాట్లాడుకుందాం," అన్నాడు రెడ్డి. లైను తెగింది. ఆయనే కట్ చేశాడో, సిగ్నల్ పోయిందో తెలియలేదు.

ఫోన్ ఇంకా ఖుద్దూస్ చేతిలోనే ఉంది. అతను చుట్టూ చూశాడు. "మనల్లో ఒకడు రేపో మాపో పెట్టెలో పోతాడు. వానాకాలమైతే వంకలోనే పోవాల. నేను మా అమ్మకు నా పెండ్లానికే ఓటెయ్యొద్దని చెప్పినా, మీరందరూ ఇన్నారు. మీరు చెప్పింది నేనూ ఇన్నా." ఫోన్‌ను మహబూబ్ బాషా చేతిలో పెట్టాడు. రహీమ్ తల వంచుకుని ప్లాస్టిక్ గుడ్డ మడత పెట్టసాగాడు.

మహబూబ్ బాషా అతన్ని మెట్ల దగ్గరికి తీసుకుపోయాడు. కోపంగా లేడు, అలసిపోయినట్టున్నాడు. "ఆ మాట ఓట్లకు ముందు అడిగింటే నీకొక మర్యాద ఉండేది. అయిపోయినాక అడిగినావు. ఇప్పుడు నీకూ నష్టం, నాకూ తలవంపు. నీ పెండ్లానికి వచ్చేదేముంది?"

ఖుద్దూస్‌కు ఆయన చెప్పింది నిజమే అనిపించింది.

"నీ ఇఖామా నేను రెన్యూవల్ చేయించలేను. రిలీజ్ ఇప్పిస్తా, ఇంకో కఫీల్ దగ్గర చేరు. అంతకుమించి నన్నేమీ అడగొద్దు. ఖలాస్," అన్నాడు మహబూబ్ బాషా. ఇచ్చిన మాట ప్రకారం రిలీజ్ ఇప్పించాడు కూడా. పోయే రోజున ఖుద్దూస్ సుత్తులను పాత గుడ్డలో చుట్టి, తనే తెచ్చి బస్సు దగ్గర అందించాడు.

*

కువైట్ చివర, వఫ్రాలో ఒక తోటలో పని దొరికింది. చూసిపెట్టింది మునాఫ్. గ్రీన్‌హౌసుల ఇనుప చట్రాలు సరిచేయడం, మోటార్లు చూడటం, చిరిగిన ప్లాస్టిక్ కప్పు మళ్లీ కట్టడం. చుట్టూ ఇసుక. పట్నానికి పోయే బస్సు ఎప్పుడో ఒకటి వస్తుంది. తోటలో మిగిలిన పనివాళ్లు బంగ్లాదేశ్ వాళ్లు. మంచివాళ్లే, కానీ తెలుగు మాట వినాలంటే ఫోన్ ఒక్కటే దిక్కు. టమాటా మొక్కల మధ్య తేమగా, ఉడుకుగా ఉంటుంది. బయటికి వస్తే ఎండ నేరుగా కళ్లలో కొడుతుంది. సొట్టలు తీసే చేతికి ఇక్కడ చేయడానికి పెద్దగా ఏమీ లేదు.

జకియా ఇంటి సంగతులు చెప్పడం మానలేదు, కానీ అతనితో మాట్లాడటం మానేసింది. మెహతాబ్ పరీక్షలు అయిపోయాయనీ, ఇంటి మీద రేకు ఒకటి లేచిపోయిందనీ చిన్న చిన్న వాయిస్ మెసేజ్‌లు పెడుతుంది. అతను తిరిగి ఫోన్ చేస్తే కూతురు ఎత్తుతుంది. అమ్మ సచివాలయానికి పోయిందనో, ఆఫీసులో అర్జీ ఇవ్వడానికి రాయచోటి పోయిందనో చెబుతుంది. ఏ అర్జీ అని ఖుద్దూస్ అడగడు. అతనికి తెలుసు. ఎవరూ దాన్ని పట్టించుకోరని కూడా తెలుసు.

బషీరా బీ ఓట్ల తర్వాత రాయచోటిలో తన చెల్లెలింటికి పోయి ఉండిపోయిందనీ, కోడలి ముఖం చూడలేనని అందనీ అతనికి ఆలస్యంగా తెలిసింది. ఫోన్ చేస్తే చెల్లెలే ఎత్తి, "పడుకోని ఉండాది" అనేది. ఎప్పుడు చేసినా పడుకునే ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం, అతను నిచ్చెన మీద ఉండగా మెహతాబ్ ఫోన్ నుంచి బషీరా బీ మాట్లాడింది. ఎప్పటిలా అరవలేదు.

"ఇంటికొచ్చినా నాయనా."

"ఎప్పుడొచ్చినావమ్మా?" అతను గబగబా కిందికి దిగాడు.

"నిన్న. జకియా వచ్చింది. ఒక్క మాట మాట్లాడలా. నా సంచి తీసుకోని ఆటోలో పెట్టింది. ఎక్కు అనింది. ఎక్కినా. ఖుద్దూసూ, మళ్లా ఓట్లొచ్చే సరికి నేను ఉంటానో ఉండనో. ఉంటే మాత్రం నువ్వు ఫోన్ జెయ్యాకు."

"సరేమ్మా."

"చేసినా నేను ఇనను. నీ మాట ఇనను. నీకు కోపమొచ్చినా సరే."

"కోపం రాదమ్మా."

"బిడ్డ కష్టంలో ఉండాడేమో అనుకుంటి. అందుకని ఏసినా. నువ్వు లేదు లేదంటే గూడా కష్టమే అనుకుంటి."

ఖుద్దూస్ ఎండలో నిలబడి ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకున్నాడు. అవతల కుట్టుమిషను నడుస్తున్న చప్పుడు వినపడుతోంది. తల్లికి చాలా దగ్గరలోనే.

"జకియా పక్కనే ఉందా అమ్మా?"

"ఉండాది."

"ఒకసారి ఇస్తావా?"

ఫోన్ చెయ్యి మారిన చప్పుడు కాలేదు. బషీరా బీ దూరంగా ఏదో అడిగింది. మిషను ఆగలేదు. తర్వాత ఆమె గొంతు మళ్లీ దగ్గరికొచ్చింది.

"చేతిలో పనుండాదంట నాయనా. అయినాక చేస్తాదంట."

"సరేమ్మా. చెయ్యమను," అన్నాడు ఖుద్దూస్.

తల్లి ఫోన్ పెట్టేయడం మరిచిపోయింది. అతనూ కట్ చేయలేదు. చార్జింగ్ ఉన్నంతసేపు ఆ మిషను చప్పుడు వింటూ గ్రీన్‌హౌసు గోడ వార నీడలో కూర్చున్నాడు.